నీళ్ళొచ్చేదాకా ఆడుకోండి

మా ఊరి చెరువు నీళ్ళకు కావలి మా ఇంటిది. నీరుగంటి అంటారు. చెరువు నిండినప్పుడు తూము తియ్యాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూడాలి, పంట చేతికొచ్చేదాకా ఒకరి గొంతు ఒకరు పట్టుకోకుండా కాపాడాలి. మా తాత చేశాడు. మా నాయన ముప్పై ఏళ్ళు చేశాడు. పార నా చేతికి వచ్చేసరికి చెరువు ఎండిపోయింది. అనంతపురం జిల్లాలో నీరుగంటినని చెప్పుకోవడం గుండోడు దువ్వెన జేబులో పెట్టుకున్నట్టే అని మా ఆవిడ అంటుంది. ఆమెకు నోరెక్కువ. అబద్ధం మాత్రం చెప్పదు.

గార్లదిన్నె నుంచి ఆటోలో వస్తే మా ఊరికంటే ముందు చెరువు కట్ట కనబడుతుంది. అంత కట్ట చూసి కొత్తవాళ్ళు ఎంత చెరువో అనుకుంటారు. ఎక్కి చూస్తే అవతల సర్కారు తుమ్మ, నెర్రెలు విచ్చిన బంకమట్టి, మేసే గొర్రెలు. నేనేమో రెండెకరాల చేన్లో శెనక్కాయ వేసుకుని, వాన కోసం అందరిలాగే మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ బతికాను. పదో తరగతి దాకా చదివాను కాబట్టి పేపరు చదవడం ఒక వ్యసనం. అందులోనూ ఆటల పేజీ ముందు.

నాలుగేళ్ళ కింద ఒక అమ్మాయి స్కూటీ మీద, వెనకాల గోనెసంచిలో హాకీ కర్రలు కట్టుకుని మా ఊరొచ్చింది. పక్క ఊరి పిల్లే. రాష్ట్రం తరఫున ఆడి, మోకాలు దెబ్బతిని, ఇప్పుడు బడి పిల్లలకు నేర్పుతోంది. మా ఊరి బడి మైదానంలో సగం కొత్త గదులు కట్టారు, మిగతా సగంలో కంకర పోశారు. ఆడపిల్లలు ఆడుకోవడానికి చెరువులో జాగా కావాలని ఆమె పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్న పెద్దమనుషుల్ని అడిగింది.

"చెరువు మాది కాదు తల్లీ, నీరుగంటిది. ఆయప్పనడుగు పో" అన్నారు వాళ్ళు. నవ్వులాటకే అన్నారు.

ఆ పిల్ల దాన్ని నిజమనుకుని నేరుగా మా ఇంటికొచ్చింది. నాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను శెనక్కాయలు ఒలుస్తున్నాను. "మామా, చెరువులో మేము ఆడుకోవచ్చునా?" అని అడిగింది. నీరుగంటి అని పేరే గాని, నా బతుకులో ఒకరు వచ్చి నన్ను దేనికైనా అనుమతి అడగడం అదే మొదటిసారి. నేను లేచి, తువ్వాలు తలకు చుట్టుకుని, మా తాత తూము తీసేటప్పుడు నిలబడేవాడట, అట్లా నిలబడి చెప్పాను.

"ఆడుకోండి తల్లీ. నీళ్ళొచ్చేదాకా ఆడుకోండి."

మా ఆవిడ లోపల్నుంచి పకపకా నవ్వింది. నీళ్ళొచ్చేదాకా అంటే మా ఊళ్ళో ఎప్పటికీ అనే అర్థం. నాయన మాత్రం నవ్వలేదు.

అనుమతి ఇచ్చి ఊరుకునుంటే సరిపోయేది. ఊరుకోలేదు. మరుసటి రోజే గొడ్డలి తీసుకుపోయి తుమ్మ కొట్టాను. నీరుగంటి కంటికి మట్టం తెలుస్తుంది. బిందెడు నీళ్ళు పోస్తే ఎటు జారుతాయో నేల చూసి చెప్పగలను. ఆ తెలివి ఇన్నేళ్ళూ ఉత్తదైపోయింది కదా అని, మైదానం నాలుగు మూలలూ గడ్డపారతో సమం చేశాను. సున్నంతో గీతలు నేనే వేశాను. వెదురు గడలు పాతి, ఒకప్పుడు చేపలు పట్టినవాళ్ళ అటకల మీద నా పారలాగే పనిలేక పడున్న వలలు అడిగి తెచ్చి గోల్ పోస్టులు కట్టించాను. నేల నెర్రెల్ని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాను. పూడిస్తే నాలుగు రోజులకు మళ్ళీ విచ్చుకునేవి.

ఇక రోజూ సాయంత్రం అయితే కట్ట మీద నేనుండాల్సిందే. బంతి కాలికి తగిలితే తప్పు అని నేర్చుకున్నాను. గోల్ ముందు అర్ధచంద్రంలా గీసే గీత లోపలి నుంచి కొడితేనే గోల్ అని నేర్చుకున్నాను. నేర్చుకున్నదాన్ని కడుపులో దాచుకునే రకం కాదు నేను. కట్ట మీద నుంచి అరిచేవాణ్ణి. ఆ పిల్లలు "మామా, నువ్వు గమ్మునుండు" అని తిరిగి అరిచేవాళ్ళు. వాళ్ళలో కూలికి పోయే ఇళ్ళ పిల్లలున్నారు, గొర్రెలు కాచే ఇళ్ళ పిల్లలున్నారు, మా చర్చిలో పాటలు పాడే పిల్లలున్నారు. గోల్ కీపరు గొర్రెల కాపరి కూతురు. ఒట్టి పుల్ల. ప్యాడ్లు కట్టుకుంటే మనిషి కంటే ప్యాడ్లే ముందు కనబడతాయి.

మొదటి ఏడాది వాళ్ళు ఎక్కడికి పోయినా ఓడారు. ఒక మ్యాచిలో ఎనిమిది గోల్స్ వేయించుకుని వచ్చారు. నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "నీకేం పుట్టింది, ఆళ్ళ అమ్మానాయనలే తిని పండుకున్యారు" అని మా ఆవిడ దులిపింది. రెండో ఏడాదీ ఓడారు. మూడో ఏడాది ఒకటి గెలిచారు, అదీ అవతలి జట్టు బస్సు రాకపోవడం వల్ల. నాలుగో ఏడాది, అంటే ఈ మధ్యనే, ఏ దేవుడు కన్ను తెరిచాడో, జిల్లా పోటీల్లో రెండు మ్యాచులు గెలిచి సెమీఫైనలుకు వచ్చారు. ఆదివారం అనంతపురంలో ఆట. అవతల పెద్ద హాస్టలు స్కూలు జట్టు. వాళ్ళు ఓడింది ఎవరూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే కాలువ షట్టర్లు చూసే లస్కరు సైకిల్ మోటరు మీద వచ్చి ఊరి మధ్యన నిలబడి చెప్పాడు. పెద్ద కాలువలో ఈసారి నీళ్ళు బాగున్నాయి, వంతులవారీగా చెరువులకు వదులుతున్నారు, శుక్రవారం మా చెరువు వంతు. పది రోజులు పారుతుంది. తర్వాత సోమవారం నుంచి కింది ఊరి చెరువు వంతు.

ఊరు ఊగిపోయింది. ముసలివాళ్ళు ఏడ్చారు. పదకొండేళ్ళ తర్వాత చెరువుకు నీళ్ళు. అందరూ నా భుజం తట్టారు. "ఏమప్పా నీరుగంటీ, పార నూరుకో" అన్నారు. నేనూ నవ్వాను. కానీ లోపల నేను లెక్క వేసిందేమిటో చెబితే మీరు నన్ను చెప్పుతో కొడతారు. శుక్రవారం నీళ్ళొస్తే మైదానం పోతుంది. ఆట పై ఆదివారం. మధ్యలో పది రోజులు. ఆ పది రోజులూ పిల్లలు ఎక్కడ ఆడతారు? చెరువు నిండుతోందంటే నీరుగంటి తల గోక్కుంటున్నాడు. చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినవాడు కూడా నాకంటే నయం.

ఆ సాయంత్రం కోచ్ అమ్మాయి ఇంటికొచ్చింది. ఏదో ఒకటి చెయ్యి మామా అని అడుగుతుందనుకున్నాను. అడిగుంటే తిట్టి పంపేవాణ్ణి. ఆమె గడప బయటే నిలబడి, "మామా, గోల్ పోస్టులు ఎప్పుడు పీకేస్తే మంచిది?" అంది.

"పది రోజులు యాడ ఆడిస్తావమ్మా?" అన్నాను.

"యాడా లేదులే మామా. షూటౌటు ఒక్కటీ నేర్పల్ల అనుకున్న్యా. పోనీలే. నీళ్ళు ముఖ్యం గదా."

అదే నన్ను చంపింది. అడగకపోవడమే.

మరుసటి రోజు పొద్దున నేను తూము దగ్గరికి పోయి, కిందికి దిగి, ఒక గంట లోపలే కూర్చుని పైకి వచ్చాను. నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయాను. "తూము కారేటట్లుండాది. బిరడా చుట్టూ మట్టి రాలిపోయింది. ఇట్లే నీళ్ళు పెడితే అన్నీ తూములో నుంచి ఊరికే పోతాయి. బంకమట్టి పట్టించి ఆరనియ్యల్ల. పదిదినాలు పడుతుంది" అని చెప్పాను. కింది ఊరివాళ్ళను మన వంతు ముందు తీసుకోమని, వాళ్ళ వంతు మనం తీసుకుందామని కూడా నేనే చెప్పాను.

తూము కారదు. ఆ తూము రాయి మా ఊరి మనుషులకంటే గట్టిది. కంచే చేను మేయడమంటే ఇదే.

పెద్దమనుషులు ముఖాలు చూసుకున్నారు. తూము సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు, నేను, మా నాయన. ఒకాయనకు అనుమానం పుట్టి, అందరూ లేచి మా ఇంటికి నడిచారు. నేను వెనకాల నడిచాను. నాయనకు ఎనభై దాటాయి. చూపు మందగించింది గాని మాట మందగించలేదు. ముప్పై ఏళ్ళలో నీళ్ళ విషయంలో ఒక్క అబద్ధం ఆడలేదని చుట్టుపక్కల పేరు. మా సొంత మడికి చివర్న నీళ్ళు పెట్టి, ఎండిపోతే ఎండనిచ్చిన మనిషి.

"ఏమప్పా పెద్దాయనా, నీ కొడుకు తూము కారుతాదంటాండాడు. నిజమేనా?" అని అడిగారు.

నాయన నా వైపు తిరిగాడు. ఆ కళ్ళకు నేను ఎంత కనబడ్డానో తెలియదు. తర్వాత, "నీరుగంటి కారుతాదంటే కారుతాది. నీరుగంటి నేను కాదు గదప్పా, వాడు" అన్నాడు.

వాళ్ళు సరేనని వెళ్ళిపోయారు. నేను దొడ్డిలోకి పోయి ముఖం కడుక్కున్నాను. కొడుకు మాట మీద ఆ ముసలాయనకున్న నమ్మకాన్ని నేను తూములో పడేశానని ఏడుపొచ్చింది. అయినా వెనక్కి పోయి నిజం చెప్పలేదు. అదీ నా సంగతి.

ఆ పది రోజులూ నేను నెత్తిన బంకమట్టి గంప పెట్టుకుని తూము దగ్గరికి పోయేవాణ్ణి. చెయ్యని పని చేస్తున్నట్టు కనబడటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. చెరువులో నిలబడ్డ రెండు తూము రాళ్ళ మధ్య కూర్చుంటే మైదానం మొత్తం కనబడుతుంది. కోచ్ అమ్మాయి రోజూ అదే ఆడించింది, షూటౌట్. ఆట సమానంగా ముగిస్తే గెలుపెవరిదో తేల్చే పద్ధతి. ఒక్క పిల్ల బంతి తీసుకుని దూరపు గీత నుంచి ఒంటరిగా వస్తుంది, ఎదురుగా ఒక్క గోల్ కీపరు. ఎనిమిది సెకన్లలో గోల్ వెయ్యాలి. దాటితే ఈల.

మా గోల్ కీపరు మొదట్లో బంతి రాగానే అడ్డంగా పడిపోయేది. మా నేల మీద బంతి నెర్రెకు తగిలి చివరి జానలో పక్కకు తిరుగుతుంది. పడిపోయిన పిల్ల పక్క నుంచి బంతి నింపాదిగా పోయేది. నేను తూము రాళ్ళ మధ్య నుంచి అరిచేవాణ్ణి. "ముందే పడుకోవద్దే, బంతి ఏం సేస్తాదో సూసినాక పడు!" మూడు నాలుగు రోజులకు ఆ పిల్ల పడిపోవడం మానేసింది. మందలో ఏ గొర్రె ఎటు ఉరుకుతుందో చూస్తూ నిలబడే వాళ్ళ నాయనలాగే, కదలకుండా నిలబడి చూసేది.

ఇంతలో కింది ఊరి పెద్దమనిషి గంపెడు టమాటాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వాళ్ళ చెరువుకు నీళ్ళు ముందే అందాయని. "తన ఊరి వంతు ఇడిసిపెట్టే నీరుగంటిని నేను యాడా సూడలేదప్పా" అని నా చేతులు పట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగలాగా నేను భుజాలు తడుముకున్నాను. మా ఆవిడ ఆ టమాటాలతో వారం రోజులు పులుసు పెట్టింది. ఒక్కరోజూ నాకు గొంతు దిగలేదు.

శనివారం సాయంత్రం లస్కరు ఫోన్ చేశాడు. "అన్నా, పైన కాలువకు గండి పడిందంటాండారు. నీళ్ళు బంద్ చేస్తారో ఏమో తెలీదు. మీ వంతు సందేహమే."

ఫోన్ పెట్టేశాక ఎక్కడ కూర్చున్నానో నాకు గుర్తు లేదు. నీళ్ళు ఆగిపోతే అయిపోయింది. పదకొండేళ్ళకు ఒకసారి గడప దాకా వచ్చిన నీళ్ళను నేనే వాకిలి వేసి పంపించినట్టు. హాకీ కోసం. అది కూడా గెలిచే ఆశ లేని జట్టు కోసం. ఊరికి తెలిస్తే నన్నేం చేస్తారన్నది తర్వాత సంగతి, నాయన ముఖం ఎట్లా చూడాలి?

ఆదివారం చర్చికి పోకుండా పిల్లలతో పాటు ఆటోలో అనంతపురం పోయాను. నాయన చర్చికి పోయాడు. అక్కడ ఆ రోజు మా చెరువు నీళ్ళ కోసమే ప్రార్థన చేస్తారని నాకు తెలుసు.

మైదానం చూసి మా పిల్లలు నోళ్ళు తెరిచారు. పచ్చగా, నున్నగా, ఒక్క నెర్రె లేదు. ముట్టుకుంటే ప్లాస్టిక్ గడ్డి. ఆట మొదలయ్యే ముందు నాలుగు పక్కల నుంచి గొట్టాలు లేచి ఆ గడ్డి మీద నీళ్ళు చిమ్మాయి. వాన పడ్డట్టు చిమ్మాయి. నేను లేచి నిలబడ్డాను. నా పక్కన కూర్చున్న మనిషిని, "ఏమప్పా, పెరగని గడ్డికి నీళ్ళెందుకు?" అని అడిగాను. "తడి లేకుంటే బంతి జారదన్నా, పిల్లోళ్ళు పడితే సర్మం లేస్తాది" అన్నాడు. నీళ్ళు దొంగిలించి వచ్చినవాడి ముందు నీళ్ళు అట్లా పోస్తుంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. దేవుడు నన్ను ఎగతాళి పట్టిస్తున్నాడని గట్టిగా అనిపించింది.

తడి మీద మా పిల్లలు ఎప్పుడూ ఆడలేదు. బంతి వాళ్ళ కర్రల కింద నుంచి నూనె రాసినట్టు జారిపోయింది. మొదటి పది నిమిషాల్లోనే ఒక గోల్ పడింది. అవతలి పిల్లలు చక్కటి బూట్లు వేసుకుని, ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ గీత గీసినట్టు ఆడారు. మావాళ్ళు గొర్రెల మందలా ఒకే చోటికి ఉరికారు. నేను అరవలేదు. జేబులో ఫోన్ మోగింది, తీసి చూస్తే లస్కరు. ఎత్తలేదు. చెడ్డవార్త ఏదో ఒకటే వినాలి, రెండూ ఒకేసారి వద్దు.

సగం ఆట అయ్యాక ఎండకు తడి ఆరడం మొదలైంది. నాకు నేల తెలుసు కదా. మా పిల్లల కాళ్ళు కుదురుకోవడం చూశాను. ఆరిన నేల మీద వాళ్ళకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. చివరి ఐదు నిమిషాల్లో చర్చిలో పాటలు పాడే పిల్ల ఒకతి గోల్ ముందు గుంపులో కర్ర జొనిపింది. బంతి ఎవరి కాళ్ళ సందు నుంచి పోయిందో గాని లోపలికి పోయింది. ఒకటీ ఒకటీ. ఈల. షూటౌట్.

ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. నాలుగేసి అయ్యేసరికి రెండూ రెండూ. మా ఐదో పిల్ల వేసింది. ఎట్లా వేసిందో నేను చూడలేదు, కళ్ళు మూసుకున్నాను, పక్కవాళ్ళు అరిస్తే తెలిసింది. ఇక వాళ్ళ ఐదో పిల్ల. జట్టులో అందరికంటే పొడుగు, మొదటి గోల్ వేసింది ఆమే. ఆమె వేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఆపితే మాది.

ఆ పిల్ల బంతి తోసుకుంటూ వచ్చింది. మా గొర్రెలకాపరి కూతురు ముందుకొచ్చి నిలబడింది. నిలబడిందంటే నిలబడింది, అంతే. ఆమె ఎడమకు వంగి చూసింది, ఇది కదల్లేదు. కుడికి లాగింది, ఇది ఒక్క అడుగు జరిగింది, పడలేదు. పడుతుందని ఆమె చూస్తోంది. ఎదుట ఎవరున్నా ఈపాటికి పడిపోయి ఉండాలి. ఆమె మళ్ళీ ఎడమకు తిప్పింది. నా నోట్లో నుంచి అప్పుడు మాట వచ్చింది, "పడొద్దే తల్లీ!" అని. వినబడిందో లేదో. చివరికి ఆమె కొట్టింది. అప్పుడు పడింది మా పిల్ల. బంతి ప్యాడుకు తగిలి పక్కకు పోయింది, ఆమె మళ్ళీ అందుకునేలోపు ఈల మోగింది.

నేను ఎగరలేదు. అందరూ ఎగిరారు, కోచ్ అమ్మాయి దెబ్బతిన్న మోకాలుతోనే ఎగిరింది. నేను మెట్టు మీద కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, బతికించావు దేవుడా, బతికించావు అని అదే పనిగా అంటున్నాను. సంతోషం కాదు అది. దొంగతనం చేసి తెచ్చిన పది రోజులు ఊరికే పోలేదు, ఎవరికో పనికొచ్చాయి, అంతే. పక్కాయన నన్ను ఎవరి తండ్రో అనుకుని నీళ్ళసీసా చేతికిచ్చాడు.

సగం బరువు దిగింది. మిగతా సగం జేబులో ఉంది. చూస్తే లస్కరు మూడుసార్లు ఫోన్ చేశాడు. స్టేడియం గోడ పక్కకు పోయి, చర్చిలో కూర్చున్నట్టు కూర్చుని చేశాను.

"అన్నా, ఫోన్ ఎత్తవేంది? గండి సిన్నదే. రాతిరే పూడ్చినారు. రేపు పొద్దున ఏడుకి మీ షట్టరు తీస్తాండా. పార తీసుకొని రా."

ఏమన్నానో గుర్తు లేదు. వాణ్ణి నాయనా అని పిలిచినట్టున్నాను. వాడు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. నవ్వి పెట్టేశాడు. అప్పుడు వచ్చింది నాకు సంతోషం. ఆటో దగ్గరికి పోయి ఆ గోల్ కీపరును ప్యాడ్లతో సహా ఎత్తబోయాను. "ఇడు మామా, నడుము పట్టుకుంటాది" అంది.

తర్వాతి వారం ఫైనల్లో ఏమైందంటారా? నాలుగు గోల్స్ తేడాతో ఓడారు. నాకు రెండుపూటలా అన్నం బాగానే దిగింది. ఇప్పుడు కట్టకు ఇవతల, నీళ్ళు రాని బీట్లో నేల చదును చేస్తున్నాను వాళ్ళకోసం. రాళ్ళు ఎక్కువ.

సోమవారం సంగతి చెప్పి ముగిస్తాను. చెరువుకు నీళ్ళొచ్చేటప్పుడు నీటి కొసకు ముందు నీరుగంటి నడవాలి. మా ఊళ్ళో అది ఆచారం. పసుపు పూసిన పార భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా, నీళ్ళకు దారి చూపిస్తున్నట్టు ముందు నడిస్తే, వెనకాల నీళ్ళు, దాని వెనకాల ఊరు. మేము చర్చికి పోయేవాళ్ళం, ఆ నడక గంగమ్మ పూజలోది. మా తాత కాలం నుంచీ దాని గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ముసలి నీరుగంటి బతికుంటే అతనూ పక్కన నడవాలి. నాయన కర్ర పట్టుకుని వచ్చాడు.

కాలవలో నుంచి నీళ్ళు చెరువులోకి దిగాయి. మురికి నురగ, ఎండుటాకులు, శెనక్కాయ పొట్టు తోసుకుంటూ మెల్లగా వచ్చాయి. నెర్రెల్లోకి దిగినప్పుడు బుడబుడా చప్పుడు చేశాయి. అంత దాహం ఆ నేలది. వెనకాల ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వుతూ వస్తున్నారు. ముందర మైదానం. సున్నపు గీతలు ఇంకా తెల్లగా ఉన్నాయి. గోల్ పోస్టులు పీకేసి పిల్లలు కట్ట మీద పెట్టారు, వాళ్ళూ అక్కడే వరసగా కూర్చున్నారు, ఒళ్ళో కర్రలు పెట్టుకుని.

తూము రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నాయన ఆగాడు. కర్రతో తూము రాయి మీద తట్టాడు.

"ముప్పైయేండ్లు ఈ తూములో దిగినోణ్ణి" అన్నాడు, నాకొక్కడికే వినబడేటట్టు. "ఇది కారదని నాకు తెలీదనుకున్న్యావా?"

నా భుజం మీద పార జారింది. వెనకాల నీళ్ళు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి, ఊరు దాని వెనకాలే ఉంది.

"మరి ఆ పొద్దు ఎందుకు సెప్పలేదు నాయనా?"

"ఆ పిల్లోళ్ళకు ఆడుకోమని నువ్వు మాటిచ్చినావు. నీరుగంటి మాట అది. ఇప్పుడు నీళ్ళొచ్చినాయి, సరిపాయె." కట్ట మీద పిల్లల వైపు, వాళ్ళు కనబడుతున్నట్టే చూశాడు. తర్వాత కర్ర ఎత్తి నా కాలి మీద గట్టిగానే ఒకటి వేశాడు. "ఓడిపోయింటే మాత్రం ఈ పొద్దు ఊరందరి ముందర సెప్పేవాణ్ణి రా. నడువు, నీళ్ళొస్తాండాయి."

కుంటుకుంటూ నడిచాను.